నిలవ నీటిని నిలుపుకొనుట: కోనేటి నుండి ఇంటి ఈతకొలను వరకు

అనంతపురం జిల్లాలో గుంతకల్లుకూ బళ్లారికీ నడుమ ఉన్న విడపనకల్లు చుట్టుపట్ల నేల చాలవరకు నల్లరేగడి. వాన మాత్రం కరవు. జిల్లాలో సగటున ఏడాదికి పడే వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు. ఎండకూ గాలికీ ఆవిరై పోగలిగినది దానికి మూడు రెట్లకు పైన. ఇటువంటి చోట ఎవరైనా ఇంటి ఆవరణలో ఈతకొలను త్రవ్వించుకొంటే ఇరుగుపొరుగు వారు ముక్కున వేలు వేసుకొనడంలో వింత లేదు. అయినా ఈనాడు తెలుగునాట పట్టణాల శివార్లలోను, తోట ఇండ్లలోను ఇటువంటి కొలనులు కానవస్తున్నాయి. కరవు సీమలో ఇది తగునా తగదా అనే ప్రశ్నను కేవలం కోపంతో కాక లెక్కతో చూడవలసి ఉన్నది.

ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, సగటున 1.3 మీటర్ల లోతు గల చిన్న కొలనును తీసుకొందాము. దానిలో పట్టే నీరు 41.6 ఘనమీటర్లు, అనగా 41,600 లీటర్లు. గ్రామీణ మంచినీటి పథకాలలో ఇప్పుడు మనిషికి రోజుకు 55 లీటర్లు లక్ష్యంగా పెట్టుకొన్నారు. ఆ లెక్కన ఒక్కసారి కొలను నింపితే అది 750 మందికి పైగా ఒక రోజు వాడుకొనే నీరు. ఒక చిన్న ఊరికి ఒక దినపు నీరన్న మాట. ఒక్కసారితో సరిపోతే దానిని ఏదో విధంగా సమర్థించుకొనవచ్చును. కాని కొత్తగా కొలను కట్టుకొన్నవారు చాలామంది చేసే పని వేరు. నీరు పచ్చబడగానే మోటారు పెట్టి తోడి పారబోయించి, మళ్లీ నింపుతారు. రెండు నెలలకు మళ్లీ అదే కథ. కొలను త్రవ్వించుట డబ్బుతో అయ్యే పని. నీటిని మార్చకుండా ఏళ్ల తరబడి స్వచ్ఛంగా ఉంచుట తెలివితో అయ్యే పని. ఆ తెలివి మానవునికి అబ్బడానికి కొన్ని వేల ఏండ్లు పట్టింది.

స్నానానికై నీటిని నిలిపి ఉంచిన అతి ప్రాచీన కట్టడాలలో ఒకటి మొహంజొదారోలో 1925-26 త్రవ్వకాలలో బయటపడిన మహా స్నానవాటిక. పన్నెండు మీటర్ల పొడవు, ఏడు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్లకు కొంచెం తక్కువ లోతు. నీరు ఇంకకుండా ఇటుకల వెనుక తారువంటి శిలాజిత్తు పూత వేశారు. మురికి నీరు పోయేందుకు తూము పెట్టారు. అనగా నాలుగు వేల ఏండ్లకు పూర్వమే ఇంకుడును ఆపుట తెలుసు. చెడిన నీటిని పంపివేయుట తెలుసు. చెడకుండా ఉంచుట మాత్రం తెలియదు.

మన రాయలసీమలో నీటిని నిలుపుట ఒక శాస్త్రంగానే పెరిగింది. కడప జిల్లా పోరుమామిళ్లలో క్రీ.శ. 1369 నాటి సంస్కృత శాసనం ఒకటి కలదు. విజయనగర రాజైన బుక్కరాయల కుమారుడు భాస్కరుడు అక్కడ చెరువు కట్టించిన సందర్భంలో వేయించినది. వేయిమంది కూలీలు రెండేండ్లు పని చేశారని అందులో ఉన్నది. అంతకంటె విశేషమేమనగా, మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, చెరువుకు రాకూడని ఆరు దోషాలను శాసనం వరుసగా చెబుతుంది. అంగాలలో ఒకటి నీటి శాస్త్రం ఎరిగిన పండితుడు ఉండుట! దోషాలలో మొదటివి రెండు: కట్టనుండి నీరు ఊరిపోవుట, నేల చవుడుగా ఉండుట. ఆయకట్టు ఎక్కువై నీరు తక్కువగుట మరొక దోషం. ఆరువందల యాభై ఏండ్లనాటి ఆ పట్టికను ఈనాటి ఇంటి కొలను యజమాని గోడకు వ్రేలాడదీసుకొన్నా తప్పు లేదు. వాటి ప్రస్తావన మున్ముందు మళ్లీ వస్తుంది.

విడపనకల్లుకు పడమరగా సుమారు ఎనభై కిలోమీటర్ల దూరంలో హంపి ఉన్నది. రాజుల ఇంటి కొలను ఎట్లుండేదో చూడదలచినవారు అక్కడికి పోవలెను. రాణి స్నానశాల అని పేరుపడిన కట్టడంలో పదిహేను మీటర్ల చదరపు కొలను, చుట్టూ వసారాలు, బయట కందకం ఉన్నాయి. రాజప్రాసాదపు ఆవరణలో 1980 తరువాతి త్రవ్వకాలలో బయల్పడిన మెట్ల కోనేరు ఇంకా అందమైనది. సుమారు 22 మీటర్ల చదరం, ఏడు మీటర్ల లోతు, అయిదు అంతస్తుల మెట్లు. నల్లని రాళ్లపై ఏది ఏ వైపు, ఏ వరుసలో పెట్టవలెనో శిల్పులు చెక్కిన గుర్తులు నేటికీ చూడవచ్చును. స్తంభాల మీద నిలిపిన రాతి దోనెలద్వారా నీరు ఆవరణలోని కొలనులకు వచ్చేది. తుంగభద్ర ప్రక్కనే ఉండగా, పాత నీరు వదలి కొత్త నీరు తెచ్చుకొనడంలో ఆ రాజులకు కష్టమేమున్నది?

కష్టమంతా నది లేని ఊళ్లలోనే. ఆ ఊళ్లలో పిల్లలకు ఈతకొలను అంటే పొలంలోని కపిలి బావి. ఎండిన సొరకాయ బుర్రలో, మునగ బెండ్లో నడుముకు కట్టుకొని, గట్టు మీదినుండి దూకి ఈత నేర్చినవారు రాయలసీమలో ప్రతి పాత తరంలోను ఉన్నారు. ఆ నీరు అంతగా పాడుకాకపోవడానికి కారణం ఉన్నది. ఉదయంనుండి ఎద్దులు కపిలి లాగుతూ ఉంటే నీరు పైరుకు పోయేది. అడుగున ఊట ఆ లోటును పూడ్చేది. లోతైన బావి కాబట్టి సూర్యరశ్మి నీటిపై పడేది మధ్యాహ్నం కొద్దిసేపే. అందుచేత పాచి పెరిగేది తక్కువ. దోమ పిల్లలను చేపలు తినేవి. నీటిని మార్చుట, నీడ, జీవుల ఆహారపు గొలుసు, ఈ మూడూ కలిసి యజమాని ప్రయాస లేకుండానే బావిని కాపాడేవి. గొట్టపు బావులు వందల అడుగుల లోతుకు దిగిన తరువాత భూగర్భ జలం క్రిందికి పోయి, ఆ బావులలో చాలావరకు ఎండిపోయాయి. ఈత కూడా వాటితోనే పోయింది.

అయితే పాత బావులను మరీ పొగడడం కూడా సరికాదు. ఊరి దిగుడు బావికి మరొక ముఖం ఉన్నది. అది నారి కురుపు. ఈ వ్యాధిలో రోగి కాలిపై బొబ్బ లేచి, పగిలి, తెల్లని దారంవంటి పురుగు బయటికి వస్తుంది. మూడు అడుగుల వరకు పొడవు ఉండవచ్చును. పుల్లకు చుట్టి రోజుకు కొంచెముగా లాగుట తప్ప వేరే చికిత్స ఉండేది కాదు. మంటకు తాళలేక రోగి కాలును నీటిలో పెట్టగానే పురుగు వేల కొలది పిల్లలను విడిచిపెడుతుంది. వాటిని నీటిలోని సైక్లాప్స్ అనే సూక్ష్మమైన జలకీటకం మ్రింగుతుంది. ఆ నీటిని త్రాగినవారి కడుపులోనికి కీటకంతోపాటు పురుగు పిల్లలూ పోయి, ఇంచుమించు ఏడాదికి కాలిలో తేలుతాయి. ఇందులో సైక్లాప్స్ పాత్రను 1870 ప్రాంతంలో ఫెద్చెంకో అనే రష్యను శాస్త్రజ్ఞుడు తుర్కిస్థానులో కనుగొన్నాడు. దిగుడు బావిలో బిందె ముంచుకొనేవారు మెట్లు దిగి కాళ్లు నీటిలో పెట్టకుండా ఉండలేరు. అదే నీరు ఊరందరూ త్రాగుతారు. వ్యాధికి ఇంతకంటె అనుకూలమైన ఏర్పాటు వేరే ఉండబోదు.

1983-84లో భారతదేశం నారి కురుపు నిర్మూలన కార్యక్రమాన్ని చేపట్టింది. వ్యాధి ఉన్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. దిగుడు బావుల మెట్లు మూసివేసి, చుట్టూ గట్టు కట్టి, చేదతో తోడుకొనే బావులుగా మార్చారు. చేతి పంపులు వేశారు. నీటిని బట్టతో వడగట్టుట నేర్పారు. సైక్లాప్స్‌ను చంపే టెమిఫాస్ మందు బావులలో కలిపారు. టీకా లేదు, మందుబిళ్ల లేదు. మనిషి కాలిని త్రాగే నీటినుండి వేరు చేయుటే ముఖ్యమైన చికిత్స. 1996 జూలైలో రాజస్థానంలో కనిపించిన కేసు దేశంలో కడపటిది. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశానికి విముక్తి పత్రం ఇచ్చింది. మనిషి దిగిన నీరు త్రాగరాదన్న పాఠం అట్లు గ్రామాలలో స్థిరపడింది. కాని ఈతకొలనులో ఒక చిక్కు ఉన్నది. ఈదేవాడు ఎంత జాగ్రత్తపడినా కొన్ని గుక్కలు మ్రింగుతాడు. కాబట్టి అక్కడ మనిషి దిగే నీరు ఇంచుమించు త్రాగే నీరంత శుద్ధంగానే ఉండవలెను.

ఐరోపావారికి కూడా ఈ సంగతి ఆలస్యంగానే తెలిసింది. ఇంగ్లండులో 1846లో స్నానశాలల చట్టం వచ్చిన తరువాత పట్టణాలలో ప్రజల ఈతకొలనులు వెలిశాయి. నీటిని వారానికి ఒకటి రెండు సార్లు మాత్రమే మార్చేవారు. కొత్త నీరు నింపిన రోజున ప్రవేశ రుసుము ఎక్కువ. రోజులు గడిచి నీరు మురికి అయిన కొద్దీ రుసుము తగ్గేది! పేదవాడికి దక్కేది ధనవంతుని మురికి. వడపోత అప్పటికి తెలియనిది కాదు. 1829లోనే జేమ్స్ సింప్సన్ లండనులో థేమ్స్ నదీ జలాన్ని ఇసుక పొరలద్వారా వడగట్టి సరఫరా చేశాడు. కాని ఇసుక మడ్డిని ఆపుతుంది. కొలనులో ఒకరి శరీరంనుండి మరొకరికి అప్పటికప్పుడు సోకే క్రిమిని ఆపలేదు. దానికి నీటిలోనే ఉండి కాపలా కాసే పదార్థం కావలెను.

ఆ పదార్థం క్లోరీను. 1774లో స్వీడను దేశపు షీలే దీనిని మొదట తయారుచేశాడు. ఇది మూలకమని 1810లో డేవీ చెప్పి పేరు పెట్టాడు. 1799లో స్కాట్లండులో టెనెంట్ తడి ఆర్చిన సున్నంలోనికి క్లోరీనును పంపి బ్లీచింగ్ పౌడరు చేశాడు. అది మొదట బట్టల మిల్లుల సరకు. బట్టలు తెల్లబరచే పొడి ఊళ్లను బ్రతికించగలదని తెలియడానికి నూరేండ్లు పట్టింది. 1897లో ఇంగ్లండులోని మెయిడ్‌స్టన్ పట్టణంలో సన్నిపాత జ్వరం చెలరేగినప్పుడు నీటి గొట్టాలను దీనితో శుద్ధి చేశారు. 1905లో లింకన్ పట్టణంలో హ్యూస్టన్ సరఫరా నీటికి ఎడతెగకుండా క్లోరీను కలిపాడు. 1908లో అమెరికాలోని జెర్సీ నగరం అదే దారి పట్టింది. మరి రెండు మూడేండ్లకే బ్రౌన్ విశ్వవిద్యాలయపు ఈతకొలనులో బ్లీచింగ్ పౌడరు కలిపి చూచారు. నీటిని మార్చనవసరం లేని కొలను అప్పుడు పుట్టింది. నీరు పంపుద్వారా ఇసుక వడపోతకు పోయి, క్లోరీను కలుపుకొని, తిరిగి కొలనుకే వస్తుంది. ఇంటి కొలనులో నీరంతా ఒకసారి చుట్టివచ్చేందుకు ఆరునుండి ఎనిమిది గంటలు చాలు.

యంత్రం వచ్చింది, మందు వచ్చింది. మరి విడపనకల్లువంటి చోట నీరు ఎందుకు పచ్చబడుతుంది? ఇక్కడే రసాయన శాస్త్రం కొంచెం లోతుగా చూడవలెను. క్లోరీను నీటిలో రెండు రూపాలలో ఉంటుంది. ఒకటి హైపోక్లోరస్ ఆమ్లం. క్రిమి గోడను దాటి చొచ్చుకొనిపోయి చంపేది ఇదే. రెండవది దానినుండి పుట్టిన హైపోక్లోరైట్ అయాను; దీని బలం చాలా తక్కువ. ఏది ఎంత ఉండవలెనో నీటి పి.హెచ్. నిర్ణయిస్తుంది. ఈ పి.హెచ్. కొలమానాన్ని 1909లో కోపెన్‌హాగెన్‌లోని ఒక బీరు కర్మాగారపు ప్రయోగశాలలో సోరెన్‌సెన్ ప్రవేశపెట్టాడు. పి.హెచ్. 7.2 వద్ద క్లోరీనులో మూడింట రెండు వంతులు బలమైన రూపంలో ఉంటుంది, 7.5 వద్ద సగం, 8 వద్ద నాలుగింట ఒక వంతుకు కొంచెం తక్కువ, 8.5 వద్ద పదింట ఒక వంతు కూడా ఉండదు.

కరవు సీమ గొట్టపు బావుల నీరు సాధారణంగా కఠినజలం. సున్నపు లవణాలు, బైకార్బొనేట్లు దండిగా ఉంటాయి. భూగర్భంలోనుండి పైకి వచ్చి గాలి తగలగానే అందులోని బొగ్గుపులుసు వాయువు పోయి పి.హెచ్. 8 దాటుతుంది. కొత్త యజమాని బ్లీచింగ్ పౌడరు వేస్తాడు. పని చేయదు, నీరు పచ్చబడుతుంది. ఇంకా వేస్తాడు. బ్లీచింగ్ పౌడరే క్షారం. అందులో సున్నం ఉన్నది. పి.హెచ్. మరింత పెరుగుతుంది, సున్నం అవక్షేపమై నీరు పాలవలె తెల్లబడుతుంది, పాచి మాత్రం చావదు. మందు నకిలీదని అంగడివానిని తిట్టి, నీరంతా పారబోయిస్తాడు. లోపం మందులో లేదు, క్రమంలో ఉన్నది. ముందుగా పి.హెచ్. కొలిచి, అవసరమైన హైడ్రోక్లోరికామ్లాన్ని బాగా పలుచన చేసి కొద్దికొద్దిగా కలిపి 7.2 – 7.6 మధ్యకు తేవలెను. ఆ తరువాతే క్లోరీను. పాచి పట్టిన గోడలు రుద్దించి, వడపోత యంత్రాన్ని ఒకటి రెండు రోజులు ఆపకుండా నడిపితే పచ్చని నీరు ఒక్క బిందె పోకుండానే తేరుకొంటుంది. ఒక్క మాట మరువరాదు: ఆమ్లాన్నీ బ్లీచింగ్ పౌడరునూ ఒకే పాత్రలో ఎన్నడూ కలపరాదు, ప్రక్క ప్రక్కన నిలవ చేయనూ రాదు. వెలువడే క్లోరీను వాయువు ప్రాణాలు తీయగలదు. ఆమ్లాన్ని నీటిలో పోయవలెనే గాని నీటిని ఆమ్లంలో పోయరాదన్నది ప్రయోగశాలలో విద్యార్థులు నేర్చిన మొదటి పాఠమే.

మోతాదు లెక్క ఉన్నత పాఠశాల విద్యార్థి వేయగలడు. పై కొలనులో లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరీను ఉండవలెనంటే కావలసినది 83 గ్రాములు. బ్లీచింగ్ పౌడరులో నూటికి 25 వంతుల క్లోరీను ఉన్నదనుకొంటే 330 గ్రాముల పొడి. దానిని బక్కెట్టు నీటిలో కలిపి, సున్నం అడుగుకు దిగిన తరువాత తేరిన నీటిని మాత్రమే కొలనులో పోయవలెను. తాజా పొడిలో క్లోరీను 33 వంతుల వరకు ఉండవచ్చును గాని, అనంతపురపు వేసవిలో రేకుల కొట్టంలో మూత లేని డబ్బాలో ఉంచితే ఆ బలం త్వరలోనే పోతుంది. ఇక ఘాటైన వాసన వస్తే క్లోరీను ఎక్కువైందని అందరూ అనుకొంటారు. నిజానికి చాలా సందర్భాలలో తక్కువైనదని అర్థం. ఈదేవారి చెమటలోను మూత్రంలోను ఉన్న నత్రజని పదార్థాలతో క్లోరీను కలిసి ఏర్పడిన క్లోరమీనుల వాసన అది. కండ్లు మండించేవీ అవే. దిగేముందు ఒళ్లు కడుగుకొనుట కొలనుకు చేసే మొదటి సంరక్షణ.

ఎండ మరొక శత్రువు. మధ్యాహ్నపు ఎండలో నీటిలోని క్లోరీను గంటలోపే సగం నశిస్తుంది. అందుకే మందు సాయంకాలం కలపవలెను. దీనికి విరుగుడుగా 1950 – 60 మధ్య సైన్యూరిక్ ఆమ్లం వాడుకలోకి వచ్చింది. అది క్లోరీనును పట్టి ఉంచి ఎండనుండి కాపాడుతుంది. నేడు అంగళ్లలో దొరికే ఈతకొలను బిళ్లలు చాలావరకు ఈ రెండూ కలిసినవే. తేలుతున్న డబ్బాలో వేస్తే చాలు, చాలా సుఖం. కాని క్లోరీను ఖర్చయిపోతుంది, సైన్యూరిక్ ఆమ్లం అయిపోదు. ఆవిరి కాదు, వడపోతకు చిక్కదు. లీటరుకు 30 – 50 మిల్లీగ్రాములు మేలు చేసేది, బిళ్లలు వేసిన కొద్దీ పేరుకొని వందలు దాటితే క్లోరీనును పట్టుకొని వదలదు. అప్పుడు నీరు మార్చుట తప్ప ఆచరణలో మార్గాంతరం లేదు. నదులున్న దేశాలలో ఇది చిన్న అసౌకర్యం. విడపనకల్లులో ఊరి ఒక రోజు నీరు. ఈ ఒక్క కారణం చేతనే కరవు సీమలో బిళ్లలకంటె తేరిన బ్లీచింగ్ నీరు, లేదా ద్రవరూపపు హైపోక్లోరైట్ మేలని చెప్పవలసి ఉంటుంది. శ్రమ ఎక్కువైనా సరే.

పోరుమామిళ్ల శాసనపు దోషాలకు ఇప్పుడు రావచ్చును. చవుడు దోషం కొలనులో మరొక రూపంలో ప్రత్యక్షమవుతుంది. ఏడాదికి 1,800 మిల్లీమీటర్ల నీరు ఆవిరై, 550 మిల్లీమీటర్ల వాన పడితే, యజమాని పోయవలసినది 1,250 మిల్లీమీటర్లు, అనగా దాదాపు మరొక కొలనెడు నీరు. ఆవిరైనది శుద్ధజలం, లవణాలు వెనుకనే ఉంటాయి. కాబట్టి గొట్టపు బావి నీటితోనే పూడ్చుతూ పోతే ఏడాది తిరిగేసరికి కొలనులో లవణాలు ఇంచుమించు రెట్టింపు అవుతాయి. మే నెలలో రోజుకు 8 మిల్లీమీటర్లు పోతే అది 256 లీటర్లు, సుమారు ఇరవై బిందెలు. వాడని వేళ కొలనుపై పట్టా కప్పితే ఇందులో సగమైనా ఆగుతుంది, క్లోరీనూ మిగులుతుంది. పూడ్చే నీటికి ఇంటి కప్పే ఆధారం కావచ్చును. నూరు చదరపు మీటర్ల మిద్దెపై ఏడాదిలో పడే 55 ఘనమీటర్ల వానలో ఎనభై వంతులు పట్టగలిగితే 44,000 లీటర్లు. ఆ ఏడాది లోటు తీరి కొంత మిగులుతుంది. పైగా అది మృదుజలం.

మిగిలినది ఊరిపోయే దోషం. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకొని, చెయ్యి పట్టేంత బీటలు వారుతుంది. అందులో కట్టిన కాంక్రీటు తొట్టి ఆ కదలికకు పగలకుండా ఉండవలెనంటే చుట్టూ రేగడిని తీసివేసి, గరపమన్ను గట్టిగా దిమ్మిస చేయించవలెను. నీరు తగ్గుతున్నది ఆవిరికా, బీటకా అని తెలుసుకొనేందుకు యంత్రమేదీ అక్కరలేదు. కొలను నీటితోనే ఒక బక్కెట్టు నింపి, అది సగానికి పైగా మునిగేలా మెట్టుపై నిలిపి, లోపలి మట్టాన్నీ బయటి మట్టాన్నీ గీత గీచి, పంపు ఆపి ఒక రాత్రి ఒక పగలు ఉంచవలెను. రెండూ ఒకే మేర తగ్గితే ఎండ తీసుకొన్నది. కొలను ఎక్కువ తగ్గితే నేల త్రాగుతున్నది. విద్యార్థులు ఇదే ప్రయోగాన్ని బడిలోని సిమెంటు తొట్టిపై చేసి చూడవచ్చును.

ఇసుక వడపోతను వారానికో పది రోజులకో వెనుకకు నీరు పంపి కడుగుతారు. ఒక్కొక్కసారి కొన్ని వందల లీటర్లు పోతాయి. గడియారం చూచి కడుగుటకంటె వడపోత మీది పీడన మాపకం చూచి, ఒత్తిడి బాగా పెరిగినప్పుడే కడిగితే ఇందులో చాలా మిగులుతుంది. ఆ కడుగు నీరు ఒక గుంటలో రెండు మూడు రోజులు ఎండకు నిలిస్తే క్లోరీను పోతుంది. ఉప్పును ఓర్చుకొనే కొబ్బరి చెట్టు మొదట్లో పోయడానికి అది పనికివస్తుంది.